బొందలగడ్డ వద్దన్న మేస్త్రీ

మట్టయ్య మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కథంతా విన్నాక మీకు అతని మీద కోపం వస్తుంది. నాకూ వచ్చింది, ఇన్నేళ్ళయినా అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. ఆ కోపంలో సగానికి పైగా నా మీద నాకే.

నేను నర్సును. తెనాలి పక్క పల్లె మాది, తాతల నాటి నుంచీ క్రైస్తవులం. మా ఆయన పోయాక, ఎనభై ఒకటిలో పట్నానికి బదిలీ చేయించుకుని వచ్చి, ఎల్.బి.నగర్ దాటాక మన్సూరాబాద్ దారిలో రెండు గదుల ఇల్లు కట్టించుకున్నాను. ఆ ఇల్లు కట్టింది మట్టయ్యే. ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి మా కాలనీ దాకా ఎటు చూసినా పునాది గుంతలు, ఇసుక కుప్పలు, నిలబెట్టిన సెంట్రింగ్ కర్రలు. నిన్నటిదాకా ద్రాక్షతోట ఉన్న చోట ఇవాళ సున్నంతో గీతలు గీసి ప్లాట్ల నంబర్లు వేసేవారు. మేస్త్రీలకు అన్నం తినే తీరికుండేది కాదు.

మట్టయ్య గోడ కడితే గోడే. పైనుంచి దారం వదిలి చూస్తే వెంట్రుకంత తేడా ఉండేది కాదు. అతనితో వచ్చిన చిక్కల్లా ఒకటే. ఏ మాట ఇచ్చినా దానికి ఒక తోక తగిలించేవాడు.

"రేపు పొద్దుగాల్ల ఒస్త సిస్టరమ్మా, గాలోపట రాకడ రాకుంటె."

రాకడ అంటే ప్రభువు మళ్ళీ వచ్చి, నమ్మినవాళ్ళను ప్రాణాలతోనే మేఘాల్లోకి తీసుకుపోయే రోజు. అది తన జీవితకాలంలోనే జరుగుతుందని మట్టయ్య నమ్మకం. నమ్మకమని ఊరికే అంటున్నానుగానీ, రేపు పాలవాడు వస్తాడని మనమెలా అనుకుంటామో అతనలా అనుకునేవాడు. మా పక్కింటి సాంబమూర్తిగారు బ్యాంకు గుమాస్తా, నిత్యం సంధ్యావందనం చేసే మనిషి. ఆయన అరుగు మీద కూర్చుని నవ్వేవారు. "మేస్త్రీ, నీ రాకడను కాస్త స్లాబు వేశాక రమ్మని చెప్పవయ్యా. మధ్యలో వచ్చి నువ్వు పైకి పోతే నా ఇల్లు ఏం గాను?" మట్టయ్య కూడా నవ్వి, "మీరు గూడ నమ్మున్రి సారూ, ఇల్లు ముచ్చటే ఉండదు" అనేవాడు.

అందరికీ వందేళ్ళు నిలిచే ఇళ్ళు కట్టిన మనిషి తాను మాత్రం రేకుల గదిలో కిరాయికి ఉండేవాడు. ప్లాటు తీసుకోవయ్యా అని ఎవరన్నా అంటే, విడిచిపెట్టి పోయేదానికి కట్టుకోవడమెందుకు అని ఎదురడిగేవాడు. పిల్లల్లేరు. భార్య అండాలమ్మ అతనితోపాటే పనికి వచ్చేది, ఇసుక, సిమెంటు మాల్ కలిపి తట్టలో ఎత్తుకుని నిచ్చెన ఎక్కేది. బాప్తిస్మం తీసుకున్నా పాత పేరు మార్చుకోలేదు. "మా అవ్వ పెట్టిన పేరు, ప్రభువుకు గూడ ఎర్కనే ఉంటది" అనేది. తక్కువ మాటల మనిషి. నవ్వితే మాత్రం కళ్ళు పూర్తిగా మూసుకుపోయేవి.

మా సంఘంలో నలభై కుటుంబాలుండేవి. సగం మాలాంటి కోస్తా వాళ్ళు, సగం ఇక్కడివాళ్ళు. పెద్ద మందిరాలేవీ మమ్మల్ని లెక్కలోకి తీసుకునేవి కావు. ఎనభై మూడులో మా సంఘంలో ఒక పసిగుడ్డు పోయింది. ఎక్కడ పూడ్చాలో తెలియక, తల్లి ఒడిలోనే ఆ బిడ్డను పెట్టుకుని పట్నమంతా ఆటోలో తిరిగారు. ఆ సంగతి రామచంద్రం పటేల్ చెవిన పడింది. పాత మన్సూరాబాద్‌లో భూములన్నీ ఆయనవే. హిందువే అయినా మా పాస్టరుగారిని పిలిపించి, మట్టయ్య ముందరే చెప్పాడు.

"గుట్ట పక్కన అర్ధెకరం ఉన్నది. రాళ్ళ జాగ, జొన్నలు గూడ మొల్వయ్. మీ బొందలగడ్డకు తీస్కోండ్రి. పైసలొద్దు, ఒట్టిగనే ఇస్త. సుట్టు గోడ కట్టుకోండ్రి, రేపు ఎవడూ అడ్డం రాకుండ. గోడకు మట్టయ్య ఉండనే ఉన్నడు."

మేము శ్మశానాన్ని సమాధుల తోట అంటాం, ఇక్కడ బొందలగడ్డ అంటారు. పేరేదైతేనేం, అడక్కుండా ఇచ్చాడు మహానుభావుడు. పాస్టరుగారు పొంగిపోయారు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘాన్ని కూర్చోబెట్టి విషయం చెప్పారు. అప్పుడు మట్టయ్య లేచాడు.

"పాస్టరయ్యా, తప్పుగ మాట్లాడితె మాఫ్ చెయ్యిండ్రి. ప్రతి ఆదివారం ఏమని పాడుతున్నం మనం? ఒస్తున్నడు, దగ్గరనే ఉన్నడు అని పాడుతున్నం. ఇంటికిపొయ్యి బొందకు జాగ జూసుకుంటమా? గిదేం నమ్మకం? పెండ్లికొడుకు పల్లకి ఎక్కి ఒస్తున్నడంటె, పెండ్లిపిల్ల పాడె కట్టుకొని కూసుంటదా? నేనైతె గా గోడ కట్ట."

అబ్బ, ఏం మాట అన్నాడో! మందిరం దద్దరిల్లిపోయింది. ఆమెన్, ఆమెన్ అని చేతులెత్తాం. నేనూ ఎత్తాను. చదువుకున్నదాన్ని, రోజుకు ఇద్దరు ముగ్గురి కళ్ళు మూసే ఉద్యోగం చేసేదాన్ని, నా మొహం, నేనూ ఎత్తాను. ఆ వేడిలో అలా ఉంటుంది. పాస్టరుగారు నోరు విప్పబోయి ఊరుకున్నారు. ఆడవాళ్ళ వైపు చాప మీద నా పక్కనే కూర్చున్న అండాలమ్మ మాత్రం చెయ్యెత్తలేదు. అలసటేమో అనుకున్నాను.

ఆ కబురు చెప్పడానికి మట్టయ్యే పటేల్ దగ్గరికి వెళ్ళాడు. "మీరేమన్న సావరా ఏంది?" అన్నాడట పటేల్. "సావం పటేలా" అన్నాడట ఇతను. పటేల్ పడీపడీ నవ్వి, తర్వాత నవ్వు ఆపి, ఇంకో ఏడాది ఆ జాగ అలాగే ఉంచుతానన్నాడట. ఉంచాడు కూడా. ఎవరం అడగలేదు. ఎనభై అయిదులో ఆ గుట్ట పక్క కూడా ప్లాట్లయింది. అందులో మొదటి ఇంటికి పునాది తీసింది మట్టయ్యే. నేను ఆగలేక అడిగితే, "బొందలుండాల్సిన జాగల పిలగాండ్లు ఆడుకుంటరు సిస్టరమ్మా, మంచిగనే అయింది గద" అన్నాడు. అతని దగ్గర దేనికైనా జవాబుండేది.

ఎనభై ఏడు చివర్లో అండాలమ్మకు కడుపునొప్పి మొదలైంది. పనిలో బరువులు మోసి పట్టేసిందనుకున్నారు. సంక్రాంతి వెళ్ళేసరికి మనిషి సగమైంది. నేనే వెంటబెట్టుకుని మా దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరుగారు మట్టయ్యనూ నన్నూ లోపలికి పిలిచి క్యాన్సరన్నారు. కోసినా లాభం లేదన్నారు. మట్టయ్య ఆయనకు దండం పెట్టి బయటికి వచ్చాడు. తిరుగు బస్సులో నా సీటు దగ్గరకు వంగి, "ఆమెకు జెప్పకుండ్రి" అన్నాడు. చెప్పడమేమిటి? రోజురోజుకూ చీర కుచ్చిళ్ళు పెరుగుతుంటే ఆడమనిషికి ఒకరు చెప్పాలా?

మార్చిలో ఒక మధ్యాహ్నం ఇంజెక్షను ఇవ్వడానికి వెళ్ళాను. మట్టయ్య పక్కనే కూర్చుని గంజి చల్లారుస్తున్నాడు. అండాలమ్మ గోడకు ఆనుకుని, మామూలుగా, ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అడిగింది.

"ఏమయ్యా, నేను పోతె నన్ను ఏడ పెడ్తవ్?"

మట్టయ్య నవ్వాడు. "ఏడ పెట్టుడేంది? నువ్వేడికి పోవు. ఇద్దరం గూడే పోతం, పైకి."

"ఒకేళ పోతె?"

"ఒకేళ అనద్దు. గది నమ్మకం లేనోళ్ళ మాట. నోట్లెకెళ్ళి రానియ్యకు."

గంజి పక్కన పెట్టి, ఆమె తల మీద చెయ్యి వేసి గట్టిగా ప్రార్థన చేశాడు. ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. రేకుల వైపు చూస్తోంది. ఆ తర్వాత మొగుణ్ణి ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

మరుసటి వారం నన్ను అడిగింది. అతను పనికి వెళ్ళాడు, మేమిద్దరమే ఉన్నాం. "సిస్టరమ్మా, మీరు దవాఖానల మస్తుమందిని జూసిన్రు గద. పొయ్యేటప్పుడు ఎట్లుంటది? నొస్తదా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. పరాయివాళ్ళకు వందసార్లు చెప్పాను. మంచం మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, నొప్పి తెలియకుండా మందిస్తామమ్మా, నిద్రలా వస్తుంది, నేను పక్కనే ఉంటాను అని చెప్పేదాన్ని. ఆమెకు మాత్రం ఏమన్నానో తెలుసా? "ఛ, అలాంటి మాటలు మాట్లాడకూడదు అండాలమ్మా. విశ్వాసం గట్టిగా ఉంచుకో" అన్నాను. నా నోరు పడిపోను. ఆమె నా చెయ్యి మెల్లగా తట్టింది. నేనే జబ్బుమనిషినైనట్టు, ఆమే నన్ను ఓదార్చింది.

ఇక సంఘమంతా రావడం మొదలైంది. ఉపవాస ప్రార్థనలు, రాకడ పాటలు. వచ్చిన ప్రతివాళ్ళూ సిద్ధంగా ఉన్నావా అండాలమ్మా అని అడగడం, ఉన్ననని ఆమె చెప్పడం, హల్లెలూయ అని వీళ్ళు లేచిపోవడం. ఆ గదిలో అంతమంది ఉండేవాళ్ళం గదా, ఆమెకు ఒక్క మాట మాట్లాడే సందు ఇచ్చినవాళ్ళు లేరు.

ఆగస్టులో ఒక శుక్రవారం పొద్దున ప్రాణం పోయింది. ముసురు పట్టిన రోజు. మట్టయ్య ఏడవలేదు. కొత్త పంచె కట్టుకుని ఆమె పక్కన మోకరించి, లేస్తుంది, లేపుతాడు అంటూ పన్నెండింటి దాకా ప్రార్థన చేశాడు. మేం చుట్టూ కూర్చుని చూస్తున్నాం. గొంతు పోయింది, ఇంకా పెదవులు కదుపుతూనే ఉన్నాడు. చివరికి పాస్టరుగారు భుజం మీద చెయ్యి వేసి, "తమ్ముడూ, వర్షం పెద్దదయ్యేట్టుంది. ఎక్కడ పెడదాం?" అన్నారు. మట్టయ్య ఆయన వంక అలా చూస్తూ ఉండిపోయాడు. జవాబు లేకుండా అతన్ని చూడటం నాకదే మొదటిసారి.

పాస్టరుగారూ ఇంకొకరూ స్కూటరు మీద పట్నంలోని ఒక పాత సమాధుల తోటకు వెళ్ళారు. మీది ఏ సంఘం, మా మందిరంలో సభ్యత్వం చీటీ ఉందా అని అడిగి, లేదంటే కుదరదన్నారట. మట్టయ్య ఒక్కడే వానలో నడుచుకుంటూ పటేల్ ఇంటికి పోయాడు. నేను గొడుగు పట్టుకుని వెనకాలే పరుగెత్తాను. పటేల్‌కు అప్పటికి చూపు తగ్గింది, మంచం మీదున్నాడు. విషయం విని లేచి కూర్చున్నాడు.

"ఏడున్నది మట్టయ్యా జాగ? నువ్వే పునాదులు తీస్తివి గదయ్యా" అన్నాడు. ఎగతాళిగా కాదు. "లారీ ఇస్త. ఏడికి తీస్కపోతవో తీస్కపో" అన్నాడు.

బయటికి వచ్చాక నేను అడిగాను. "మీ ఊరు ఉందిగా, తుర్కయంజాల్? మీ తమ్ముడు ఉన్నాడుగా?"

"ఏ మొకం వెట్టుకొని పోవాలె సిస్టరమ్మా?" అన్నాడు.

తమ్ముడు అంతయ్య దేవుణ్ణి మార్చలేదు, ఊళ్ళోనే కూలి చేసుకుంటాడు. ఆరేళ్ళ కింద వాళ్ళ తండ్రి పోయినప్పుడు డప్పులతో సాగనంపారు. మట్టయ్య వెళ్ళి దూరంగా నిలబడ్డాడు, పిడికెడు మట్టి వెయ్యలేదు, దినం నాడు అన్నం ముట్టలేదు. అంతయ్య ఏడుస్తూ చెయ్యి పట్టుకుంటే, మీ బొందలగడ్డతో నాకు పని లేదని నలుగురిలో అనేసి వచ్చాడు. ఆనాటి నుంచీ అన్నదమ్ములకు మాటల్లేవు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ మొహం సంగతి తర్వాత. అక్కడ చాప మీద ఉన్నది ఎవరు?" అని అరిచి, నేనే రోడ్డు మీదికొచ్చి, ఆ ఊరి మీదుగా పోయే ఇబ్రహీంపట్నం బస్సెక్కాను. అంతయ్యకు ఏం చెప్పాలో, ఎలా బతిమాలాలో దారంతా కూడబలుక్కున్నాను. అంతయ్య గుడిసె ముందు తాడు పేనుతున్నాడు. మనిషి అచ్చం మట్టయ్యే, కాస్త పొట్టి. అండాలమ్మ పోయిందని ఇంకా పూర్తిగా చెప్పనేలేదు, తాడు కింద పడేసి నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత లేచి, చూరు కింద ఉన్న పార తీసుకున్నాడు.

"తోల్కరాండ్రి. మీరు ఒచ్చేవరకు తవ్వి పెడ్త."

అంతే. ఒక్క ప్రశ్న వెయ్యలేదు, పాత మాట ఒక్కటి ఎత్తలేదు. నేను కూడబలుక్కున్నదంతా నా దగ్గరే ఉండిపోయింది.

నేను తిరిగొచ్చి చెప్పాక, నాలుగింటికల్లా పటేల్ లారీలో వెళ్ళాం. వాన తెరిపిచ్చింది. ఊరి చివర వాళ్ళ వాడ బొందలగడ్డలో అంతయ్య మొలబంటి గుంతలో నిలబడి మట్టి ఎత్తిపోస్తున్నాడు. అన్నను చూసి పైకి వచ్చాడు. మట్టయ్య గుంత అంచున నిలబడి కిందికి చూశాడు. చుట్టూ చూశాడు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పాతి ఉన్నాయి. ఎంతైనా మేస్త్రీ కదా, కన్ను ఊరుకోలేదు.

"జాగ గింత గీసి, బొంద నడిమిట్ల తియ్యక ఓ పక్కకు తీసినవేందిరా?"

అంతయ్య పార మీద చెయ్యి ఆనించి తల వంచుకున్నాడు.

"వదినె జెప్పింది."

"ఎవలు?"

"వదినె. మే నెలల ఒచ్చింది, ఒక్కతే, బస్సుల. ఎండ మండుతున్నది. నిలవడనీకె శాతగాలే. నన్ను ఎంటవెట్టుకొని గీడికొచ్చి జాగ జూసుకున్నది. గీ నాలుగు రాళ్ళు పాతిచ్చింది. నన్ను గీ పక్కకు పెట్టు మరిదీ, మీ అన్నకు గా పక్క ఉంచు అన్నది. ఆయనకు గూడ కావాలె, ఆయనకు తెల్వదు అన్నది."

పాటకు సిద్ధంగా పుస్తకాలు తెరిచిన మా వాళ్ళు పుస్తకాలు మూశారు. మట్టయ్య తమ్ముడి వైపు తిరిగాడు.

"నాకు జెప్పకపాయె."

"చెప్పొద్దన్నదే. మీ అన్న రాకడ ఒస్తదని సంతోషంగ ఉన్నడు, నేనున్నన్ని దినాలన్న గట్లనే ఉండనీ అన్నది."

"ఇంకేమన్నది?"

అంతయ్య నా వంక, పాస్టరుగారి వంక చూశాడు. చెప్పవచ్చో లేదో అన్నట్టు ఆగాడు.

"భయమైతున్నదన్నదే అన్నా. రాత్రిళ్ళు నిద్ర రాదన్నది. మస్తు ఏడ్సింది. నేను జెప్పిన, మన బాపు పొయ్యేటప్పుడు ఎట్లుండెనో, ఏం మాట్లాడెనో, అన్ని జెప్పిన. ఇనుకుంట కూసున్నది. నా పెండ్లాం అన్నం పెడితె రెండు ముద్దలు తిన్నది. మల్ల బస్సెక్కిచ్చిన."

మే నెల ఎండలో, నేను రెండు రోజులకోసారి ఇంజెక్షను ఇస్తున్న మనిషి, సాగర్ రోడ్డు మీద బస్సు పట్టుకుని, తన చావు గురించి ఒక్క గంట మాట్లాడుకోవడానికి అంత దూరం పోయింది. మా నలభై కుటుంబాల్లో ఆమెకు ఆ గంట దొరకలేదు. రాకడ ఉందని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఎవరు నవ్వినా నమ్ముతాను. కానీ ఆ రోజు ఆ గుంత పక్కన నిలబడి, పైకి తలెత్తి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"భయమైతున్నదన్నదా?" మట్టయ్య అడిగాడు. అంతయ్య తలూపాడు. "భయమైతున్నదన్నదారా?" మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ, మళ్ళీ అదే. తవ్వని పక్కన, ఆ రెండు రాళ్ళ మధ్య, తడి మట్టిలో కూలబడి, ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని అప్పుడే పోగొట్టుకున్నవాడిలా భోరుమన్నాడు. "నాతోని అనలేదురా. నేను అననియ్యలేదురా" అని నేలను చేతులతో కొట్టాడు.

పాస్టరుగారు ప్రార్థన చిన్నగా ముగించారు. అన్నదమ్ములిద్దరే గుంతలోకి దిగి ఆమెను పడుకోబెట్టారు. మొదటి పిడికెడు మట్టి మట్టయ్యే వేశాడు. పూడ్చడమయ్యాక, చీకటి పడకముందే చేరాలని లారీ డ్రైవరు హారను కొట్టాడు. అందరం ఎక్కాం. మట్టయ్య ఆమె పక్కన, తన జాగాలో కూర్చుని, మట్టి మీద చెయ్యి ఆనించి, ఏదో చెబుతున్నాడు. ప్రార్థన కాదు. "భయపడకు అండాలూ, నేనీడనే ఉన్న, చెప్పు, ఇప్పుడు చెప్పు" అంటున్నాడు. పాస్టరుగారు రెండుసార్లు పిలిచారు, తల తిప్పలేదు. అంతయ్య లారీ దగ్గరికి వచ్చి, "మీరు పోండ్రి, నేనుంట" అన్నాడు.